ఇల్లు వెదకిన కవి

ఆధునిక కాలంలో పద్యాన్ని పండిత గోష్ఠి నుండి సామాన్యుని నాలుక మీదికి తెచ్చిన కవులను లెక్కింపబూనితే, మొదటి వ్రేళ్ళ మీదనే గుఱ్ఱం జాషువా పేరు నిలుస్తుంది. తిరునాళ్ళ రాత్రి మన పల్లెలలో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నప్పుడు, కాటి ఘట్టంలో నటుడు హార్మోనియం శ్రుతి మీద గొంతెత్తి పాడే శ్మశానపు పద్యాలు ఆయనవి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి వాటిని నటులు తరువాత చేర్చుకొన్నారు. అవి మూలంలోనివి కావని తెలియకనే మూడు తరాల ప్రేక్షకులు వాటికి వన్స్‌మోర్ కొట్టారు. ఒక కవికి ఇంతకంటె పెద్ద సన్మానం లేదని మా అభిప్రాయం.

ఈ వ్యాసంలో మేము ఆయన సమగ్ర చరిత్రను వ్రాయబూనలేదు. ఆ పని చేసిన గ్రంథాలు ఉన్నాయి. ఆయన జీవితంలోని ఒక్క తీగను మాత్రం పట్టుకొని పోదలచాము. తన ఇల్లు ఏదో తెలియనివ్వని లోకంలో పుట్టిన ఒక మనిషి, డెబ్బదియైదు సంవత్సరాలు బ్రతికి, తనలోని పసివానిని చివరిదాకా ఎట్లా కాపాడుకోగలిగాడు? మా విద్యార్థులలో చాలామంది మిరప కళ్ళాల నుండి, పత్తి చేల గట్ల నుండి హాస్టలు గదులకు వచ్చినవారు. సెలవులకు ఇంటికి పోవడమంటే ఏమిటో వారికి మేము వివరింపనక్కరలేదు. అయితే ఇల్లు ఉండి కూడ ఊరు లేనివారు మన నడుమనే ఎందరో ఉన్నారు. వారి పక్షాన మాట్లాడిన కవి కాబట్టి జాషువాను ఈ కోణం నుండి చూడడం అవసరమని భావించాము.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తండ్రి యాదవ కులానికి, తల్లి మాదిగ కులానికి చెందినవారు. క్రైస్తవాన్ని స్వీకరించిన కుటుంబం. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ కావడం చేత ఆ ఊరికి వినుకొండ అనే పేరు వచ్చిందని స్థలపురాణం. విన్న కొండ సరే, ఆ కొండ క్రింద పుట్టిన బిడ్డడి మాట వినేవారు మాత్రం ఆ రోజుల్లో అరుదు. ఒక విచిత్రం చూడండి. ఆయన పుట్టిననాటికి వినుకొండ కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 2022లో పల్నాడు జిల్లాలోకి పోయింది. ఊరు కదలలేదు, జిల్లాలు దాని మీదుగా నడిచిపోయాయి. సర్కారు గీచిన గీతలు ఇంత తేలికగా చెరిగిపోతుండగా, ఊరికీ వాడకూ నడుమ ఎవరూ గీయకుండానే పడిన గీత మాత్రం అంత గట్టిగా ఎందుకు నిలిచిందో విద్యార్థులు ఆలోచింతురు గాక.

తెలుగులో ఊరూ వాడా అని జంటగా అంటాము. వినడానికి ఎంతో కలుపుగోలుగా ఉంటుంది ఆ మాట. కాని వాడ ఊరిలో భాగం కాదు. ఊరిబావి వేరు, వాడబావి వేరు, గాలి వీచే దిక్కు కూడ లెక్కచూసి కట్టిన ఏర్పాటు అది. ఉర్దూలో 'ఘర్' వేరు, 'వతన్' వేరు. ఘర్ నాలుగు గోడలది, వతన్ మనసుది. వాడలో పుట్టినవానికి ఘర్ ఉంటుంది, వతన్ ఉన్నదీ లేనిదీ ఇతరులు చెప్పవలసి వస్తుంది. జాషువా స్థితి ఇంకా చిక్కుపడినది. తల్లిదండ్రులది కులాంతర వివాహం కావడం చేత ఇటువారూ అటువారూ కూడ పూర్తిగా తమవాడని అనలేదు.

అయినప్పటికీ ఆయన పసితనం పచ్చని చేల నడుమ హాయిగానే గడిచిందని చరిత్రకారులు వ్రాశారు. ఇది గమనింపదగిన సంగతి. కష్టం బడితో మొదలైంది. బడిలో అయ్యవార్లు, తోటి పిల్లలు కులం పేరెత్తి హేళన చేసేవారు. ఆ పిల్లవాడు తల దించుకొని పోలేదు, తిరగబడ్డాడు. తిట్టినవానిని కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. మహాకవుల బాల్యాన్ని వర్ణించేటప్పుడు శాంతమూర్తులుగా చిత్రించడం మన రచయితలకు అలవాటు. జాషువా అటువంటి శాంతమూర్తి కాదని చెప్పుకోవడంలో మాకు సంకోచం లేదు. దెబ్బలాడిన ఆ పిల్లవాడే బొమ్మలు గీసేవాడు, పాటలు పాడేవాడు. వినుకొండలోనే దీపాల పిచ్చయ్యశాస్త్రి గారితో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి జంటకవులు కావాలని ఉబలాటపడ్డారు. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదర కవులు అవధానాలతో ఊరూరా మారుమ్రోగుతున్న కాలమది. ఇద్దరు పిల్లలకు ఆ కోరిక పుట్టడంలో వింత లేదు. ఏ ఇద్దరికి పుట్టిందన్నదే వింత. జంటకవిత్వం సాగలేదు గాని స్నేహం సాగింది. బడి మూసిన తలుపును ఒక చెలికాడు తెరిచాడని చెప్పవచ్చు.

పిల్లల ఆటలో లేని గీత పెద్దల సభలో ఉన్నది. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో యువకుడైన జాషువా పద్యాలు చదివినప్పుడు, తక్కువ కులంవానిని సభలోకి రానిచ్చినందుకు కొందరు పెద్దలు గొడవ చేసి ఆయనను అవమానించారు. పద్యం బాగున్నదా లేదా అన్న ప్రశ్న ఆ సభలో లేవనే లేదు.

1910లో, పదునైదేండ్ల ప్రాయంలో, ఆయనకు వివాహమైంది. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం మీద పంతులుగా కుదిరారు. ఆ ఉద్యోగమూ నిలవలేదు. పొట్ట చేతబట్టుకొని రాజమహేంద్రవరం వెళ్ళి 1915-16 ప్రాంతంలో సినిమా వాచకుడుగా పనిచేశారు. ఈనాటి విద్యార్థులకు ఈ వృత్తి పేరే క్రొత్త. అప్పటికి బొమ్మకు మాట రాలేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, ప్రక్కన చేరి కథను, పాత్రల సంభాషణలను బిగ్గరగా చదివేవాడు వాచకుడు. రాజు ఏడిస్తే తానూ గొంతు జీరవోనివ్వాలి, పసిపిల్ల నవ్వితే ఆ నవ్వూ తానే నవ్వాలి. జాషువా జీవితంలోని ఈ చిన్న ఘట్టాన్ని విమర్శకులు ఒక వాక్యంలో దాటిపోతారు. మేము ఇక్కడ కొంత ఆగదలచాము. నోరులేని బొమ్మకు నోరివ్వడం ఆయన అక్కడ కూలికి నేర్చిన విద్య. తరువాతి కాలంలో సాలీడుకు, గిజిగాడికి, గబ్బిలానికి ఆయన చేసినది అదే పని. ఇటువంటి పోలికలు వ్యాసకర్తలకు సులభంగా తోస్తాయని ఎరుగుదుము. అయినా దీనిని విడువబుద్ధి కాలేదు.

తరువాత గుంటూరు చేరి, లూథరన్ చర్చి వారు నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేండ్లు పనిచేశారు. ఉభయభాషా ప్రవీణ అయ్యారు. 1928 నుండి 1942 వరకు తెలుగు పండితులుగా బడిలో పాఠాలు చెప్పారు. బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడు బడిపంతులయ్యాడు. పండితుడన్న పట్టా వచ్చిన తరువాత కూడ పంక్తి మారలేదు. 1919లో రుక్మిణీ కల్యాణం వ్రాసిన నాటి నుండి పురాణ వస్తువులు చేపట్టిన పాపానికి క్రైస్తవ సంఘం వారు ఆయనను వెలివేశారు. ఊరివారికి ఆయన పంచముడు, చర్చివారికి పరాయివాడు. ఇక మిగిలినది పద్యం. ఛందస్సులోనే ఆయన కాపురం పెట్టారు. శార్దూల మత్తేభాల నడక, సీసపు విరుపు, పోతన నాటి నుండి వస్తున్న ఆ తియ్యందనం, వీటిని ఎవరూ ఆయనకు రాసి ఇవ్వలేదు. దస్తావేజు లేని ఆస్తి గనుక దావా వేసి లాగుకొనేవారూ లేకపోయారు. భావకవులు గేయం వైపు, అనంతరం అభ్యుదయకవులు వచనం వైపు మొగ్గుతున్న కాలంలో జాషువా పద్యాన్ని వదలకపోవడాన్ని ఛాందసమని కొందరు అన్నారు. మా దృష్టిలో అది ఛాందసం కాదు. పద్యం అగ్రహారాల సొత్తని అనుకొన్నవారి నట్టింట్లోకి నడిచి, పీట వేసుకొని కూర్చోవడం అది.

ఇప్పుడు ఖండకావ్యాల సంగతి. విద్యార్థులకు పాఠ్యపుస్తకాల వల్ల తెలిసిన శిశువు, సాలీడు, గిజిగాడు మొదలైనవి ఈ తరగతిలోనివి. వీటిని పిల్లల పాఠాలని, తేలిక రచనలని, గబ్బిలం ముందు దివిటీ ముందు దీపాలని అనడం పరిపాటి. ఈ అభిప్రాయాన్ని మేము అంగీకరింపలేము. గిజిగాడినే తీసుకోండి. గుంటూరు, ప్రకాశం పల్లెలలో దిగుడుబావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, తాటిమట్టకో వ్రేలాడే దాని గూడును చూడనివారు ఉండరు. మగపిట్ట గడ్డిపోచలను చీల్చి ముక్కుతో ముళ్ళు వేసి అల్లుతుంది. గూడు సగమైన తరువాత ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అట్లే గాలికి ఊగుతుంది. నచ్చితే లోపల గుడ్ల అర అమరుతుంది, క్రిందికి సొరంగం దిగుతుంది. గాలివానకు గూడు ఎగరకుండా లోపల మట్టిముద్దలు అద్దుతుంది. ఆ ముద్దలకు మిణుగురు పురుగులను అంటించి దీపాలు పెట్టుకొంటుందని మన పెద్దలు చెబుతారు. శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు, పిల్లలు నమ్ముతారు.

ఈ గూటిని చూచి పెద్దవాడు ఒక్కసారి మెచ్చుకొని వెళ్ళిపోతాడు. పసివాడు మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాడు. జాషువా చూపు రెండవది. ఇల్లు కట్టుకోవడంలోని నేర్పు ఆయనకు తీరని వింత. సాలీడు తన కడుపులోని దారంతో ఇల్లు అల్లుకొంటుంది. గిజిగాడు ఊరివారిని అడగకుండా కొమ్మ ఎంచుకొంటుంది. ఏ ప్రాణికీ లేని అభ్యంతరం మనిషికి మాత్రం ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్న ఆ పద్యాలలో పైకి కనబడదు. కాని కవి జీవితం తెలిసి చదివినవారికి వినబడుతుంది. శిశువును గురించిన ఖండిక అయితే సరేసరి. ఉయ్యాలలో పడుకొని తన వ్రేలు తాను చప్పరించుకొనే బిడ్డడికి ఇంకా భాష రాలేదు, కులం తెలియదు, తనది పరులది అన్న తేడా లేదు. బడికి పోకముందటి తన కాలాన్ని కవి ఆ ఉయ్యాలలో చూచుకొన్నాడని మాకు తోస్తుంది. బాధపడినవాడు పసితనాన్ని తలచుకొని ఏడవడం లోకసహజం. ఆయన ఏడవలేదు, ముద్దు చేశాడు.

1932లో వెలువడిన ఫిరదౌసి కావ్యం మా కళాశాల వంటి చోట ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్ల మీద కూర్చుని చదువదగిన పుస్తకం అది. పదవ శతాబ్దిలో తూసు నగరంలో పుట్టిన ఫిరదౌసి ముప్పది సంవత్సరాలకు పైగా శ్రమించి షాహ్‌నామా రచించి 1010 ప్రాంతంలో ముగించాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజినీ సుల్తాను మహమూదు వెండి నాణేలు పంపాడని, కవి వాటిని స్నానశాలలోనే పంచిపెట్టి దేశం పట్టిపోయాడని, సుల్తాను పశ్చాత్తాపపడి పంపిన ధనం తూసు ఒక ద్వారం నుండి ప్రవేశిస్తుండగా మరొక ద్వారం నుండి కవి శవం వెళ్ళిందని పరంపరగా చెబుతారు. ఆయన కుమార్తె ఆ ధనాన్ని ముట్టలేదు. చరిత్ర దృష్టితో ఈ కథలో ఎంత నిజమో పండితులు తర్కిస్తున్నారు. జాషువాకు ఆ తర్కంతో పని లేదు. మాట తప్పిన ప్రభువు, మాటనే నమ్ముకొన్న కవి ఆయనకు చాలు.

గుంటూరు బడిపంతులు ఖురాసాను కవిని ఎందుకు వెదకి పట్టుకొన్నాడు? కరుణరసం కోసమని సామాన్యంగా సమాధానం చెబుతారు. మాకు మరొకటి తోస్తుంది. పన్నెండవ శతాబ్ది రచయిత నిజామీ అరూజీ ఈ గాథలో ఒక విషయం చెప్పాడు. ఫిరదౌసిని ముస్లిముల ఖబరస్తానులో పాతిపెట్టడానికి వీలులేదని ఆ ఊరి మతబోధకుడొకడు పట్టుబట్టాడట. మతాభిప్రాయాలలో తేడా కారణం. అప్పుడు ఊరిద్వారం లోపల ఉన్న కవి సొంత తోటలోనే ఆయనను ఖననం చేశారు. ఆ బోధకుని పేరు లోకానికి తెలియదు. తోటలోని సమాధి మీద 1934 నాటికి ఇరాను ప్రభుత్వం పెద్ద కట్టడం లేపింది. ఈ ఘట్టం జాషువా కావ్యవస్తువు కాదు. కాని తన మతసంఘమే వెలివేసిన కవి తన మతసంఘమే వెలివేసిన మరొక కవిని తొమ్మిది వందల ఏండ్ల దూరం నుండి గుర్తుపట్టాడంటే అందులో ఆశ్చర్యం లేదు. ముంతాజ్ మహలు, ముసాఫరులు కూడ ఆయన రచనలే. ముసాఫరు అన్న ఉర్దూ మాటను తెలుగు పద్యపుస్తకానికి పేరుగా పెట్టినవాడు ఇల్లు లేకపోవడమంటే ఏమిటో తెలియక పెట్టలేదు.

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు మేఘసందేశం ఫక్కీలో వ్రాసిన సందేశ కావ్యమని తరగతిలో చెబుతాము. అంతటితో ఊరుకొంటే అన్యాయం. కాళిదాసు యక్షుడు శాపవశాన ఇంటికి దూరమై, మేఘుని చేత అలకాపురిలోని భార్యకు సందేశం పంపుతాడు. శాపానికి గడువు ఉంది, గడువు తీరితే ఇల్లు చేరుతాడు. జాషువా కథానాయకుడు తన గుడిసెలోనే ఉన్నాడు. తాను పుట్టిన నేల మీదనే ఉన్నాడు. అయినా అతడు ప్రవాసి. అతని శాపానికి గడువు లేదు, శపించినవాని పేరు తెలియదు. అందువల్ల అతడు సందేశాన్ని ఇంటికి పంపడు, కాశీలోని విశ్వనాథునికి పంపుతాడు. దూతగా గబ్బిలాన్ని ఎన్నుకోవడంలోనే కావ్యమంతా ఉన్నది. హంసను, చిలుకను, మేఘాన్ని వాడుకొన్న కవులకు గబ్బిలం గుర్తుకురాదు. అది అశుభమని అంటారు, ఇంట దూరితే ఇల్లు కడుగుతారు. అయితే గుడి గర్భాలయంలో తలక్రిందులుగా వ్రేలాడడానికి దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మనిషికి మూసిన తలుపు దానికి తెరిచి ఉన్నది. ఈ సంగతిని కనిపెట్టాలంటే తర్కశాస్త్రం చదవనవసరం లేదు. గుడి బయట నిలబడి లోపలికి తొంగిచూచిన పిల్లవాని కన్ను కావాలి.

ఆ కావ్యంలో మాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేది కోపం కాదు. దారిలో ఉన్న ఆంధ్రదేశపు చారిత్రక స్థలాలను, నదులను, శిథిలాలను చూచి పొమ్మని అతడు గబ్బిలానికి ముచ్చటగా చెబుతాడు. తనను రానివ్వని ఇంటి అందాలను అంత ప్రేమగా వర్ణించే అతిథి ఎక్కడైనా ఉంటాడా? ఈ ప్రేమను బలహీనతగా ఎంచి, ఆయన ఇంకా కటువుగా మాట్లాడి ఉండవలసిందని అన్నవారున్నారు. వారి వాదంలో బలం లేకపోలేదు. కాని దేశాన్ని ప్రేమించే హక్కును కూడ వదులుకోవడానికి ఆయన సిద్ధపడలేదు. ప్రేమ మానుకొంటే గీత గీచినవారి మాట నెగ్గినట్లే.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడుగా పనిచేశారు. 1957 నుండి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. ఈ ఉద్యోగాలను గురించి విస్తరింపనక్కరలేదు. బత్తెం కోసం చేసినవి. గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినప్పుడు గుంపుగా వచ్చాయి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. వినుకొండ అవధాన సభలో జరిగిన దానికి సాహిత్యలోకం చెల్లించిన జరిమానా అది అని మేము భావిస్తాము. ఏ సంఘం వెలివేసిందో ఆ మతపు మూలపురుషుని మీద వ్రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. అదే సంవత్సరం శాసన మండలి సభ్యత్వం వచ్చింది. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ.

వృద్ధాప్యంలో ఆయన నాగార్జునసాగరం మీద కావ్యం వ్రాశారు. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట నుండి 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ మన మెట్ట చేలను తడిపింది. మిరప, పత్తి ఈ స్థాయికి పెరగడంలో ఆ నీటి పాలు ఎంతో ఉన్నది. అదే నీటి క్రింద నాగార్జునకొండ లోయ మునిగిపోయింది, బౌద్ధ శిథిలాలను కొన్నింటిని కొండ మీదికి ఎక్కించారు, లోయలోని పల్లెలవారు ఇండ్లు వదిలి వెళ్ళారు. ఆయన స్వీయచరిత్ర నా కథ. దానిని కూడ పద్యాలలోనే చెప్పుకొన్నారు. సొంత కష్టాన్ని వచనంలో వ్రాసుకొంటే సాక్ష్యమవుతుంది, పద్యంలో వ్రాసుకొంటే కొంత ఆట కూడ కలుస్తుంది. యతిప్రాసలు వెదకుతున్నవాడు పూర్తిగా ముసలివాడు కాలేడు.

1971 జులై 24న గుంటూరులో జాషువా కన్నుమూశారు.

ఆయన కుమార్తె హేమలత 1932లో, అంటే ఫిరదౌసి వెలువడిన సంవత్సరంలోనే, వినుకొండలో పుట్టారు. గోరా గారి కుమారుడు లవణం గారిని వివాహమాడారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురమనే ఊరున్నది. నేరస్థ జాతుల చట్టం క్రింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి, బ్రిటిషు ప్రభుత్వం ఏర్పరచిన సెటిల్‌మెంటు అది. అక్కడివారికి ఇల్లంటే హాజరు పట్టీ. చట్టం రద్దయిన తరువాత కూడ ఊరి పేరు చెబితే పని ఇచ్చేవారు లేరు, పిల్లను ఇచ్చేవారు లేరు. హేమలత, లవణం దంపతులు 1970ల నుండి ఆ ఊరికి రాకపోకలు సాగించి, సంస్కార్ అనే సంస్థ ద్వారా అక్కడి కుటుంబాల మధ్య పనిచేశారు. పిల్లలను బడిలో చేర్పించడం వారి పనిలో ముఖ్యభాగం. హేమలత 2008లో మరణించారు.